యాదయ్య ఐస్ డబ్బా

29 సెప్టెంబర్ 2011, సాయంత్రం 6

బ్యాచ్ సెవెన్ వచ్చింది. పన్నెండు వయల్స్, అంటే చిన్న మందు సీసాలు. ఇంత చక్కగా రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

క్యాన్సర్ మందు ఒక్కసారిగా ఒంట్లో కలిస్తే మనిషి సగం చస్తాడు. మా మందు కంటికి కనపడని కొవ్వు బుడగల్లో దాక్కుని వారం పొడుగునా కొంచెం కొంచెంగా వస్తుంది. వస్తుందని నేనంటున్నాను. సోమవారం టెస్టులో రుజువు చేయాలి. లేకపోతే ప్రాజెక్టు మూసేస్తామని మా హెడ్ భీమేశ్వరరావు గారు అండీ అండీ అంటూనే చెప్పారు.

30 సెప్టెంబర్, ఉదయం 9

బంద్. నేనుండే నిజాంపేటలో ఆటో కూడా లేదు. తెలంగాణ కోసం సమ్మె వల్ల కరెంటు కోత, ల్యాబ్ జనరేటర్‌కు డీజిల్ లేదు. ఫ్రిజ్‌లో చల్లదనం ఎంతసేపు నిలుస్తుంది?

11.20

ల్యాబ్‌లో ఉన్నది సెక్యూరిటీ యాదయ్య ఒక్కడే. ఫోన్ చేశాను. వయల్స్ థర్మకోల్ డబ్బాలో పెట్టి ఐస్ వేయమన్నాను. చల్లదనం తగ్గనివ్వద్దని మూడుసార్లు చెప్పాను. ఫికర్ చెయ్యకుండ్రి మేడం, పదేండ్లు కుల్ఫీ బండి నడిపిన, ఐస్ సంగతి నాకెరుకే అన్నాడు. ప్రాణం లేచి వచ్చింది.

1 అక్టోబర్

సగం దూరం నడిచే వెళ్లాను. డబ్బా తెరిస్తే ఐస్ నిండా రాళ్ల ఉప్పు. వయల్స్ గడ్డకట్టి ఉన్నాయి.

ఉప్పేస్తెనే సల్లదనం నిలుస్తది గద మేడం అన్నాడు. బంద్‌లో చేపల దుకాణం తలుపు కొట్టి మరీ ఐస్ తెచ్చాడట. మొహమంతా సంబరం. థాంక్స్ అన్నాను.

గడ్డకట్టకూడదని నేను చెప్పలేదు. ఒక్కసారి కూడా.

కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నాయి. దేవుడా.

3 అక్టోబర్

వారం పట్టాల్సిన మందు గంటలో మొత్తం బయటికొచ్చేసింది. గడ్డకట్టడంతో బుడగలన్నీ పగిలిపోయాయి. ఏడవాలో అరవాలో తెలియక బాత్రూంలో రెండూ చేశాను.

4 అక్టోబర్, మధ్యాహ్నం

భీమేశ్వరరావు గారికి ఉప్పు సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. యాదయ్య పోయిన వారం సమ్మె శిబిరంలో కూర్చున్నాడు కదండీ, కావాలనే చేశాడండీ అన్నారు. రిపోర్టులో అలా రాస్తే పైవాళ్లు మాకు ఇంకో ఛాన్స్ ఇస్తారట. అతని మీద పోలీసు కేసు పెడతారట. రేపు పన్నెండులోపు ఇమ్మన్నారు.

నాది గుంటూరు, ఆయనది కాకినాడ. ఇప్పుడున్న వేడిలో మేం ఏం రాసినా ఆఫీసు నమ్మేస్తుంది. నాకు భయం అదే.

పద్నాలుగు నెలలు!

సాయంత్రం 6.30

గేటు దగ్గర యాదయ్య ఆపాడు. సద్దుల బతుకమ్మ కదా, భార్య రజిత నాకోసం రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంపిందట. మందు మంచిగున్నదా మేడం అని అడిగాడు.

5 అక్టోబర్, 11.40

రిపోర్టులో రాశాను. కారణం: గడ్డకట్టకూడదని నేను చెప్పలేదు. పొరపాటు నాది. సెలీనా.

సెండ్ నొక్కాను.

17 అక్టోబర్

ప్రాజెక్టు మూశారు. యాదయ్య డబ్బా కడిగి తెచ్చిచ్చాడు. మళ్ల మందు చేసినప్పుడు పిలువుండ్రి మేడం, ఈసారి ఉప్పు ఇంకింత ఎక్కువేస్త అన్నాడు.

పిలుస్తానన్నాను.