మెరవని మూడు కమ్ములు

వయసు డెబ్బై ఒకటి, వృత్తి కార్లకు రంగులు వేయడం, అలవాటు ఎవరి మాటా చెవిన పెట్టకపోవడం. అటువంటి నేను ఈ కాగితాన్ని నా సొంత దస్తూరీతో రాస్తున్నాను. ఒంట్లో ఊపిరితిత్తులు తప్ప మిగతావన్నీ సక్రమంగానే ఉన్నాయి. బుద్ధి నిలకడగా ఉందని డాక్టరమ్మ నాలుగు ప్రశ్నలు వేసి మరీ తేల్చింది. ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి ప్రలోభమూ లేదు, మత్తు పదార్థమేదీ పుచ్చుకోలేదు. థిన్నరు వాసన లెక్కలోకి రాదని దస్తావేజులు రాసే ఆయన హామీ ఇచ్చాడు. చట్టం మాటలు ఆయనవి. మిగిలినవి నావి, వాటిని దిద్దవద్దని ముందే చెప్పాను. దీనికి ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు.

1. నేను కాపురముంటున్న ఇల్లు, అందులోని సమస్త సామాను, నా తదనంతరం నా భార్యకు దాన విక్రయ హక్కులతో సహా చెందాలి. నలభై మూడేళ్ళు నా చొక్కాలు విడిగా ఉతికిన మనిషి. ఊళ్ళో కార్లన్నిటికీ రంగులు కొట్టాను గానీ ఆ ఇంటి గోడలకు ఒక్కసారి కూడా వేయలేదు. అడిగినప్పుడల్లా వచ్చే నెల అన్నాను. లేత ఆకుపచ్చ కావాలంటుంది. వేయించుకోవాలి.

ఇంకో సంగతి. తన కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. అయినా పంతొమ్మిదేళ్ళుగా పదిహేను రోజులకోసారి కళ్ళ డాక్టరు దగ్గరికని బయలుదేరుతుంది. వెళ్ళేది నా చెల్లెలింటికని నాకు తెలుసు. నాకు తెలుసని తనకూ తెలుసు. ఆపనందుకు నన్ను మెచ్చుకోనక్కర్లేదు, వెంట వెళ్ళనందుకు తిట్టుకోవచ్చు.

2. నా పేరున ఉన్న రంగుల షెడ్డులో సగభాగం, కంప్రెసరు, వ్యాను నా కొడుక్కి. వాడు కార్లకు రంగు బదులు రంగు స్టిక్కరు అంటించే వ్యాపారం చేస్తాడు. ఏడేళ్ళపాటు నేను దాన్ని వ్యాపారమనే ఒప్పుకోలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే మావాడు అట్టలు వేస్తాడని చెప్పేవాణ్ణి. కానీ ఆ స్టిక్కరు పీకేస్తే కింద అసలు రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. అది చిన్న విషయం కాదని ఈ మధ్యనే తెలిసొచ్చింది. ఎలా తెలిసిందో నాలుగో షరతులో ఉంది.

3. నా బావమరిదికి ఏమీ లేదు. కారణం ఆయనకు తెలుసు. షెడ్డులో మడత కుర్చీ మాత్రం తీసుకోవచ్చు, ఎలాగూ అందులోంచి లేవడు.

4. ఇది నా చెల్లెలి గురించి. కొంచెం పెద్దది. చదివి వినిపించేవాళ్ళు తొందరపడొద్దు.

నాన్న మా ఇద్దరికీ పని నేర్పాడు. విద్య ఆమెకే వచ్చింది. రంగు పెచ్చు ఒకటి చూపిస్తే చాలు, నాలుగు డబ్బాల్లోంచి కలిపి, ఎండలో చూసినా నీడలో చూసినా తేడా తెలియని రంగు తీసేది. నాకది ఎప్పటికీ పట్టుబడలేదు. షెడ్డు మాత్రం నా పేర రాశాడు నాన్న. అన్యాయమని అప్పుడే తెలుసు, కిమ్మనలేదు.

ఇరవై ఏళ్ళ కిందట డాక్టరమ్మ తన కారు తెచ్చింది. దాని గ్రిల్లు, అంటే ముందు పళ్ళవరసలా కనిపించే జాలీ, పదిహేను క్రోము కమ్ములతో తళతళలాడేది. అప్పట్లో ఊరంతా ఉన్న నల్ల గ్రిల్లు సరదా ఆవిడకీ పట్టుకుంది. శుక్రవారానికి కావాలంది. నున్నటి క్రోము మీద రంగు నిలవదు; ముందు ఎమరీ కాగితంతో గీకి గరుకు చేయాలి, ఆ పైన ప్రైమరు, ఆ పైన రంగు. ఒకసారి గీకితే ఆ మెరుపు పోయినట్టే. చెల్లెలు వద్దంది. రేపు ఆవిడ మనసు మార్చుకుంటే ఏం చేస్తావంది. మనకెందుకు, చెప్పిన పని చెయ్యమన్నాను. పనివాడిగా నేను చెప్పిన పద్ధతే రైటు. ఇప్పటికీ రైటే.

ఎనిమిది నెలలకు ఎడమ చివర మూడు కమ్ముల మీద రంగు పొలుసులుగా లేచింది. డాక్టరమ్మ ఆ పెచ్చుల్ని కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చూడగానే అర్థమైంది, కింద గీకలేదు. పనివాళ్ళంతా ఉన్నారు, ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. అందరి ముందూ చెల్లెల్ని పనిదొంగ అన్నాను. నాన్న పేరు చెడగొట్టడానికే పుట్టావన్నాను. దాన్ని గీకడానికి చేతులు రాలేదన్నయ్యా అంది. సాకులు చెప్పకన్నాను. ఆమె చేతులు తుడుచుకుని, స్ప్రే గన్ను కడిగి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అంత కోపంలోనూ గన్ను కడిగింది, చూడండి.

మిగతా పన్నెండింటి మీద రంగు గట్టిగానే ఉంది గనుక వాటి జోలికి పోకుండా, ఆ మూడు కమ్ముల్నీ నేనే గీకి, నేనే రంగు కొట్టాను. అది ఇన్నేళ్ళూ ఊడలేదు. ఆ కారు వీధిలో ఎదురైనప్పుడల్లా ఎడమవైపే చూసి మురిసిపోయేవాణ్ణి. చెల్లెలు బీరువాల ఫ్యాక్టరీలో చేరింది. ఏ రంగైనా కలపగల మనిషి, పంతొమ్మిదేళ్ళు ఒకే బూడిద రంగు కొట్టింది.

కిందటేడు డాక్టరమ్మ కారు నడపడం మానేసి నాకే అమ్మింది. తాళాలిస్తూ, ఆ నలుపు వేయించిన ఏడాదికే విసుగొచ్చిందనీ, అడగడానికి మొహమాటపడ్డాననీ చెప్పింది. సరే చూద్దామని గ్రిల్లు విప్పి బల్ల మీద పెట్టాను. రంగు తీసే మందు కుడివైపు నుంచి పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అరగంట ఆగాను. నలుపు ముడతలు పడి లేచింది. చెక్కపుల్లతో తోశాను, పాత టూత్ బ్రష్షుతో రుద్ది నీళ్ళు పోశాను. క్రోము బయటపడింది. గీత లేదు, మచ్చ లేదు, అందులో నా మొహం నాకు కనిపించింది. ఒకటి, రెండు, ఐదు, పన్నెండు. ప్రతి కమ్మీ సందుల్లో కూడా శుభ్రంగా కడిగి, గీకకుండానే రంగును పట్టి ఉంచే లక్క పూత పలచగా పట్టించి, దాని మీద రంగు కొట్టింది మహాతల్లి. ఎప్పటికైనా ఎవరైనా తీస్తారని దాచిపెట్టింది. బద్ధకస్తుడు చేసే పని కాదది, గీకడం కంటే రెండింతలు పని.

పదమూడో కమ్మీ నుంచి నా పని మొదలైంది. మూడూ గీతలు గీతలుగా, కింద పసుపు తేలి, అంధుడి కళ్ళలా ఉన్నాయి. ఎంత పాలిష్ పెట్టినా రాలేదు. నేను గర్వపడ్డ పని అదీ.

షెడ్డు నుంచి ఆమె ఇంటికి పావుగంట నడక. ఆ సాయంత్రం రెండు చొక్కాలు మార్చాను. ముఖం చెల్లక వెళ్ళలేదు. తర్వాత కూడా వెళ్ళలేదు. బతికుండగా చెప్పలేనిది చచ్చాక చెప్పుకుందామని ఈ కాగితం మొదలుపెట్టాను. పిరికి పనే, ఒప్పుకుంటున్నాను.

కాబట్టి షెడ్డులో మిగిలిన సగభాగం, రంగులు కలిపే గది, సదరు కారు నా చెల్లెలికి సర్వహక్కులతో సంక్రమించాలి. పనిదొంగ అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ షరతు చదివే రోజున, అప్పటి పనివాళ్ళలో ఉన్నవాళ్ళందరినీ పిలవాలి. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే వెనక్కి పోవాలి.

5. ఆ మూడు కమ్ములకు ఎవరూ కొత్త పూత పోయించకూడదు.

6. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కొడుకుది. నేను పోయిన రోజున షెడ్డులో రంగు ఆరుతున్న కారేదైనా ఉంటే, మీ ఏడుపులు దుమ్ము లేపకుండా కానివ్వండి.

సంతకానికి ముందు చేర్చినది: పైదంతా నిన్నటి వరకు రాసిన భాగం. ఈ రోజు సంతకాలు. మొదటి సాక్షి డాక్టరమ్మ. రెండో సాక్షిగా పక్క షెడ్డు వెల్డరును రమ్మన్నాను. ఆయనకంటే ముందు నా చెల్లెలు వచ్చింది. మా ఆవిడ కడుపులో మాట దాగదు.

నిలబడే చదివింది. నాలుగో షరతు రెండుసార్లు చదివింది. కారు దగ్గరికి వెళ్ళి ఆ మూడు కమ్ముల మీదా వేలు రాసి, ఏ నంబరు కాగితం వాడావని అడిగింది. నూట ఎనభై అన్నాను. అంత గరుకుదా అని మాత్రం అంది.

తర్వాత వచ్చి కూర్చుని రెండో సాక్షి సంతకం తాను పెడతానంది. సాక్షిగా సంతకం చేసినవాళ్ళకు ఆ వీలునామా కింద ఏదీ దక్కదని, సగం షెడ్డు, కారు రెండూ పోతాయని దస్తావేజులాయన మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ విని, ఎక్కడ పెట్టాలని అడిగింది. నేను కాగితం వెనక్కి లాగబోయాను, వదల్లేదు. ఈ వయసులో షెడ్డు ఏం చేసుకుంటానంది. ఆ మాట వెనక్కి తీసుకున్న కాగితం మీద మాత్రం తన పేరు ఉండాలంది.

ఆమె మనసులో ఇంకా కోపమే ఉందో, పోయిందో నాకు తెలియలేదు. అడిగే హక్కు లేదనిపించింది. ఈ షెడ్డు ఇరవై ఏళ్ళ ముందు ఇచ్చి ఉంటే ఇందులో ఆమె బతుకు ఉండేది. నాలుగో షరతులో ఆస్తి సంగతి ఇక చెల్లదు గనుక ఆ సగం షెడ్డు, కారు నా భార్యకు చెందాలి. మిగిలిన మాటలన్నీ అలాగే ఉంటాయి, ఏదీ కొట్టేయడం లేదు.

పదిహేడో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు, షెడ్డులో.

వీలునామా కర్త: సంతకం (ఎప్పుడూ పెట్టే పొడి సంతకం కాదు, ఇంటిపేరుతో సహా పూర్తిగా)

సాక్షులు:

1. డాక్టరు. వీరు నా ఎదుట తెలివితో సంతకం చేశారు.

2. చెల్లెలు. ఇది మా అన్నయ్య చేతిరాతే. ఇందులో రాసింది నిజం, నేను అక్కడే ఉన్నాను.