మంత్రిగారి వంతు

అక్కా, నేను క్షేమం, బెంగ పడకు. డీజిల్ ధర మళ్లీ పెంచాక మా శ్మశానానికిచ్చే డీజిల్‌ను సగానికి కోసేశారు. పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది, శవాలకూ క్యూ తప్పడం లేదు. నిన్న మంత్రిగారు తన మామగారి శవాన్ని తెచ్చి ముందు దాన్నే కాల్చమన్నారు. కూతురి శవం పక్కన పొద్దుటినుంచి కూర్చున్న ముసలావిడ లేచి, "ఓపిక పట్టమని టీవీలో రోజూ చెప్పేది నువ్వే కదయ్యా? నువ్వూ పట్టు" అంది. క్యూలో ఉన్నవాళ్లంతా ఆవిడ చుట్టూ చేరారు. నేను ఆవిడ కూతుర్నే ముందు లోపలికి పంపాను. మంత్రిగారు తన వంతు వచ్చేదాకా క్యూలో నిలబడ్డారు.

ఇవాళ నన్ను పనిలోంచి తీసేశారు. బావ ఫ్యాక్టరీలో బాయిలర్ పనేమైనా ఉందేమో కనుక్కోమను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు. అమ్మకు మాత్రం సెలవు దొరికి వస్తున్నాడని చెప్పు.

నీ తమ్ముడు