గట్టు దారి బాణం గుర్తును తిప్పినవాడి మనవి

కయాదైరా పల్లె,
రెయివా 6వ సంవత్సరం (2024), అక్టోబరు 31.

మినెకురా పట్టణ కార్యాలయం, అడవులు మరియు పర్యాటక విభాగం అధికారి తొజావా గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కనుమ నుండి పాత బడి వరకు గల కొండ సైకిళ్ళ దారిని మూసివేస్తూ తమరు ఈ నెల 12వ తేదీన ఇచ్చిన ఉత్తర్వులో బాధ్యుల పేరు తప్పుగా పడినందున, దానిని కొట్టివేసి నా పేరు చేర్చుట గురించి.

అటవీ కూలీగా ముప్పై ఆరేళ్ళు పనిచేసి విరమించిన, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసు గల హిరగూరి సకుజో అను నేను విన్నవించుకొను సంగతులు ఈ దిగువన:

1. సదరు ఉత్తర్వులో, "జంట దేవదారుల వద్ద బాణం గుర్తు పలకను నిర్లక్ష్యంగా తప్పు దిక్కుకు బిగించుట వలన ప్రమాదం సంభవించినది. దారి సంరక్షకురాలు ముకైబారా చినాత్సు ఇందుకు బాధ్యురాలు" అని ఉన్నది. పలక తప్పు దిక్కుకు ఉన్న మాట నిజం. నిర్లక్ష్యం మాట అబద్ధం. ఆమె దానిని రెండు మరలతో ఎడమకు, అంటే గట్టు మీదుగా పోయే దారికి బిగించింది. నేను విప్పి, కుడికి, అంటే మా ఇంటి పెరటి దారికి తిప్పి, నాలుగు మరలతో బిగించాను. రసమట్టం పెట్టి సరిచూశాను కూడా.

2. తిప్పుటకు గల కారణం. నా భార్య ఇసోయే, వయసు డెబ్బై ఆరు, పూర్వం కనుమ బస్సులో కండక్టరు. ఈ ఏడాది జనవరిలో మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నది. శస్త్రచికిత్స బాగా జరిగింది. రోజూ నడిస్తేనే ఎముక నిలుస్తుందని డాక్టరు గారు చెప్పారు. ఆమె నడవలేదు. పక్క దిగలేదు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, రెండు రోజులు వంట మానేశాను.

"నడవడానికేం, నడుస్తాను. ఎక్కడికో చెప్పు" అన్నది.

మా పల్లెలో ఉన్నవి మూడు ఇళ్ళు. రెంటికి తాళాలు. బస్సు ఆగిపోయి ఆరేళ్ళు. 

3. మే నెల 18వ తేదీ శనివారం ఉదయం, లావు టైర్ల సైకిలు మీద ఒక మనిషి దారి తప్పి మా పెరట్లోకి వచ్చిపడ్డాడు. మా ఉల్లి మడి మీదుగా వచ్చాడు. లోపలి గదిలోంచి కేక వినబడింది.

"ఎవడ్రా అది? మలుపులో గంట కొట్టొద్దూ? ఎదురుగా మనిషుంటే ఏం చేసేవాడివి?"

కేక వెనకాలే ఆమె వచ్చింది. గోడ పట్టుకొని, పక్క నుండి వసారా అంచు దాకా పదకొండు అడుగులు వేసింది. నేను లెక్కపెట్టాను. ఆ మనిషి శిరస్త్రాణం తీసి నాలుగుసార్లు వంగి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆమె ఇంకా తిడుతూనే ఉంది. అతను వెళ్ళిపోయాక అరగంట సేపు వసారాలోనే కూర్చొని, దారి వైపు చూస్తూ, "మళ్ళీ వస్తాడేమో వెధవ" అన్నది. నాలుగు నెలల్లో ఆమె తనంతట తాను నాతో అన్న మొదటి మాట అది.

4. వారం చూశాను. ఎవరూ దారి తప్పలేదు. చినాత్సు దారిని అంత బాగా చూసుకుంటుంది. ఎనిమిదో రోజున మరలు విప్పే పనిముట్టు తీసుకొని జంట దేవదారుల దగ్గరకు వెళ్ళాను. మా పెరటి దారి కూడా కింద వాగు వంతెన వద్ద గట్టు దారిలోనే కలుస్తుంది గనుక ఎవరికీ నష్టం లేదని ఆనాడు అనుకున్నాను. ఇది నా సమర్థన కాదు. ఆనాడు అనుకున్న మాట మాత్రమే.

5. ఫలితాలు ఈ విధంగా ఉన్నవి. జూన్ మొదటి వారంలో ఆమె వసారా మెట్లు దిగింది. నెలాఖరుకు బావి దాకా వెళ్ళింది. జులైలో పాత పెట్టెలోంచి కండక్టరు ఈల తీసి, మలుపు దగ్గర ముక్కాలి పీట వేసుకొని కూర్చున్నది. ఒక ఈల అంటే ఆగు, రెండు ఈలలంటే పో. సైకిళ్ళవాళ్ళు రెండు రోజుల్లో నేర్చుకున్నారు. ఒకడు "అమ్మమ్మా, పచ్చజెండానా?" అని అరిస్తే, "నీ బ్రేకులు కీచుమంటున్నాయి, ముందు అవి చూపించుకో" అనేది. ముల్లంగి ఊరగాయ పెట్టేది. తినకుండా పోయేవాణ్ణి పేరు పెట్టి పిలిచి తిట్టేది.

ఇదంతా బాణం గుర్తు తిప్పడం వల్ల జరిగిందని ఆమెకు తెలియదు. చినాత్సుకు కూడా తెలియదు. చినాత్సు నెలకొకసారి కింది నుండి వంతెన వరకే వచ్చి చూసుకొని పోయేది. ఆ సంగతి నాకు తెలుసు.

6. ప్రమాదం. అక్టోబరు 9న ఇసోయేను ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరు గారు ఎక్స్‌రే బొమ్మ చూసి, "ఇంత బాగా అతుకుతుందని అనుకోలేదు. ఏం చేశారు?" అని అడిగారు.  అదే ఉదయం, మలుపులో ఈల లేని వేళ, మొదటిసారి వచ్చిన ఓబాతా అనే ఆయన తడి ఆకుల మీద జారి, నేను పుట్టగొడుగులు పెంచే దుంగల్లో పడి మెడ కింది కాలరు ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆయనను చూడడానికి వెళ్ళాను. "గుర్తు ఎటు చూపిస్తే అటు వచ్చానండీ" అన్నారు. నేను తీసుకెళ్ళిన పళ్ళు అందుకొని, నాకే ధన్యవాదాలు చెప్పారు.

7. తమ ఉత్తర్వు వచ్చాక పంతొమ్మిది రోజులు నేను తమ వద్ద నోరు మెదపలేదు. దీనికి కారణం ఏమీ రాయలేను.  దారికి అడ్డంగా తాడు కట్టారు. నవంబరు 5న జరుగు సమావేశంలో చినాత్సును పని నుండి తొలగిస్తారని విన్నాను. అయినా మాట్లాడలేదు. ఇసోయే మూడు రోజులు పీట మీద కూర్చొని ఖాళీ దారిని చూసి, నాలుగో రోజు పక్క ఎక్కింది.

నిన్న పొద్దున జావ తాగుతూ అడిగింది.

"ఆ పిల్ల గుర్తు తప్పు పెట్టిందంటే నేను నమ్మను. ఏవయ్యా, నువ్వు నమ్ముతున్నావా?"

నేను చెప్పేశాను. ఆమె గిన్నె కింద పెట్టింది.

"అయితే వాళ్ళు నా కోసం రాలేదన్నమాట."

"మొదటిసారి రాలేదు. రెండోసారి నుంచీ నీ కోసమే వచ్చారు. ఒకసారి వచ్చినవాడికి గుర్తుతో పనేముంది? గట్టు దారి ఎటుందో వాళ్ళందరికీ తెలుసు" అన్నాను.

 తరువాత, "కాగితం తీసుకో. మొదటి నుంచీ రాయి. నీకు అనుకూలంగా రాయకు" అన్నది. ఆ ప్రకారమే రాశాను.

కావున తమరు దయతో:
(అ) ముకైబారా చినాత్సుపై వేసిన నిందను ఉత్తర్వు నుండి తొలగించవలెను. ఇది మిగతావాటి కంటే ముందు జరగవలెను.
(ఆ) గట్టు దారిని తిరిగి తెరవవలెను. పలకను యథాస్థానంలో పెట్టే పనికి నన్ను అనుమతించరాదు.
(ఇ) నాకు తగిన శిక్ష విధించవలెను. అది కూర్చొని అనుభవించేది కాకుండా, వాగు వంతెన పలకలు మార్చడం వంటిదైతే ఉపయోగం.
(ఈ) పెరటి దారిని కూడా అధికారికంగా చేర్చి, ఎదురు వచ్చేవాళ్ళు కనబడేలా మలుపులో గుండ్రటి అద్దం పెట్టించవలెనని నా భార్య చెప్పి రాయించింది. నేను అడగలేదు.

పై సంగతులు చిత్తగించి, ఆలస్యమైనందుకు కూడా కోపగించవలెనని కోరుకొను,

తమ ఉత్తర్వు చాటున పంతొమ్మిది రోజులు దాగిన విధేయుడు,
హిరగూరి సకుజో

తా.క. ఈ ముక్క తమ కార్యాలయం వరండాలో బల్ల మీద కూర్చొని రాస్తున్నాను. అర్జీని తపాలాలో వేస్తానంటే ఇసోయే ఒప్పుకోలేదు. నా చిన్న ట్రక్కు కూడా వద్దన్నది. "తప్పు ఆ దారిలో చేశావు, ఆ దారిలోనే పద" అన్నది. పొద్దున ఏడు గంటలకు తాడు దాటి మూసిన దారిలోకి దిగాము. ఈ నేరం కూడా పైవాటికి చేర్చుకోగలరు. ఇందులో ఇద్దరం ఉన్నాము.

వంతెన దగ్గర చినాత్సు కనబడింది. పని ఆపేయమన్నా వచ్చి, నీటికాలవలో ఆకులు తీస్తున్నది. అక్కడే నిలబడి ఆమెకు చెప్పాను. పార చేతిలో పట్టుకొని అలాగే విన్నది.

"ఆ నాలుగు మరలూ మీరు బిగించినవేనా తాతగారూ? నేనే బిగించి మరిచిపోయాననుకున్నాను. రోజూ అదే ఆలోచన. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది" అన్నది.

క్షమించమన్నాను. ఆమె ఇసోయే వైపు తిరిగి, "అమ్మమ్మా, ఇక్కడ రాయి కదులుతోంది, నా భుజం పట్టుకోండి" అని, కింది దాకా పక్కనే నడిచింది. తమ కార్యాలయంలో ఇసోయేకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నాతో ఇంకా మాట్లాడడం లేదు. అది న్యాయమే.

ముందుగా చెప్పకుండా వస్తే అధికారి గారిని కలవడం కుదరదని తమ గుమస్తా అన్నారు. ఎంతసేపైనా ఉంటామని ఇసోయే చెప్పింది. అయితే అరగంటకు మించి ఒకచోట కూర్చోరాదని డాక్టరు గారి ఆజ్ఞ. అందుచేత అరగంటకోసారి లేచి, తమ వరండాలో ఆ చివరి నుండి ఈ చివరికి నడుస్తున్నది. ప్రతిసారీ తమ తలుపు ముందు ఆగి, అద్దంలోంచి లోపలికి చూసి, తిరిగి వస్తున్నది. ఇది నాలుగోసారి.

ఇప్పుడే తమరు తలుపు తీశారు. ఆమె నా కోసం ఆగకుండా లోపలికి వెళ్ళింది. మిగిలినది ఆమె చెబుతుంది.