ఎన్‌క్రోచ్ అంటే ఏందప్పా?

జమ్మలమడుగు, శుక్రవారం

ఆంధ్ర రాష్ట్రం వచ్చినా మా తాలూకా ఆఫీసు నోటీసులు ఇంకా ఇంగ్లీషులోనే పోతున్నాయి. సాయంత్రం పరుపులు కుట్టే మాబున్ని, గోడ తీసేయాలని తనకొచ్చిన నోటీసు ఒకటి మా ఇంటికి తెచ్చి చూపించింది.

“ఇందులో ఎన్‌క్రోచ్ అని రాసినారంట. అట్లంటే ఏందప్పా?”

“కొంచెం కొంచెంగా జరుగుతా పరాయి జాగాలోకి పోవడం,” అన్నాను.

“నేను యాడికి జరిగినానప్పా? మా ఆయన కట్టిన గోడ ఆడనే ఉండాది. రోడ్డే నా గడపదాకా వచ్చె!”

ఆ నోటీసు రాసింది నేనే. పై అధికారి ఇచ్చిన పేర్లన్నిటికీ ఒకే వాక్యం దించాను, ఒక్క ఇంటినీ వెళ్లి చూడలేదు.

ఆ సంగతి ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు. ఇల్లు వచ్చి చూడమని అర్జీ మాత్రం రాసిచ్చాను. దండం పెట్టి పోయింది.

రేపు ఆ అర్జీ నా బల్లమీదికే వస్తుంది. దాన్ని తోసిపుచ్చే జవాబు కూడా నన్నే రాయమంటే...