మూడోసారి ఏడుపు రాలేదు

హెడ్మిస్ట్రెస్ అమ్మగారికి దండాలు.

మా పెద్దది దిగులుతో ప్రాణం తీసుకున్నాక మీరు తీయించిన "పిల్లల మనసు వినండి" వీడియోని లక్షమంది చూశారట, సంతోషం. వెలుతురు చాల్లేదని నన్ను మూడుసార్లు ఏడవమన్నారు. మూడోసారి ఏడుపు రాలేదు, మన్నించండి.

అప్పుడు నా వెనకాల మా చిన్నది నిజంగానే ఏడుస్తోంది. "పాపా, అడ్డొస్తున్నావమ్మా, పక్కకి జరుగు" అన్నాడు కెమెరా ఆయన. మీరే దాన్ని బయట నిలబెట్టి తలుపేశారు. ఆ రోజు నుంచి అది నోరు విప్పడం లేదు. వాళ్లక్క కూడా మొదట ఇలాగే మాట మానేసింది.

పిల్లల పక్కన కూర్చుని అడగాలని వీడియోలో ఎంత బాగా చెప్పారు. మా చిన్నది మీ బడిలోనే, ఎనిమిదో తరగతి చివరి బెంచీలో ఉంటుంది. ఒక్కసారి దాని పక్కన కూర్చుని అడగండి. ఆ మూల వెలుతురు తక్కువే, అయినా ఫరవాలేదు.

ఇట్లు,
వీడియోలో ఏడ్చినావిడ