నాలుగో రేవు

అమ్మకు నీ చిన్నది నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ ముగ్గురం వేళకు తింటూ, వేళ కాని వేళ పోట్లాడుకుంటూ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నీ వంతెన పనీ, నీ మోకాలూ కూడా కుదురుగా ఉన్నాయని తలుస్తాను. ఈసారి ఉత్తరం చేతిరాతలో కాకుండా అచ్చులో ఉందేమిటా అనుకుంటావు. కారణం ఉంది. ముందే చివరి పేజీ తిప్పకు.

నీ ప్రశ్నలకు జవాబులు. నా దగ్గు తగ్గింది. మేడ మీది కుళాయి కారడం ఆగింది, వాషర్ నేనే మార్చాను. వదినతో ఎలా ఉంటున్నావని అడిగావు, అది తర్వాత. అన్నయ్య మెడనొప్పి మాత్రం తగ్గలేదు. నీటి గొట్టాల పటాలన్నీ ఇంట్లో కూర్చుని ఒక్క తెర మీదే గీస్తున్నాడు కదా. పాత పటం చూడాలంటే కొత్తది మూయాలి, కొలతలు చూడాలంటే రెండూ మూయాలి. విసుగెత్తి పాత కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కొంగలా మెడ వంచుకుని కూర్చునేవాడు. అందుకే గోడ పొడవునా నాలుగు తెరలు పెట్టాలనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఒక్క తెరే కాబట్టి మదర్‌బోర్డు మీదున్న పోర్ట్‌తోనే గడిచిపోయింది. నాలుగింటికి విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు కావాలి.

ఆ కార్డు ఎంచే పని అన్నయ్య నాకే అప్పగించాడు. ఇది తన పెళ్ళికి ముందు మాట. రెండు నెలలు కూర్చుని నోట్‌బుక్ నింపాను. పదకొండు కార్డులు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. ఎంత కరెంటు తాగుతుంది, ఫ్యాను ఎంత రొద చేస్తుంది, ఎన్ని తెరలు మోస్తుంది, అన్నీ రాశాను. కార్డు కంప్యూటర్ పెట్టెలో పడుతుందో లేదో నీ కుట్టుమిషను టేపుతో కొలిచాను. తీగ గుచ్చే చోటును పోర్ట్ అంటారని నీకూ తెలుసు. మీ వంతెన దగ్గర పడవలు ఆగే రేవు గురించి నువ్వు రాసింది చదివాక దానికి నేను 'రేవు' అని పేరు పెట్టాను. పడవలాగే తీగ కూడా వచ్చి ఆగే చోటు కదా. "నాలుగు రేవుల కార్డు చూడవే," అనేవాడు అన్నయ్య. ఆ మాట మా ఇద్దరిదే.

తర్వాత వదిన వచ్చింది. రోజంతా రిపేరు షాపులో కంప్యూటర్లు విప్పే మనిషాయె. పెట్టె మూత తీసి, లోపలికి ఒకసారి చూసి, జానతో కొలిచి, ఒక కార్డు పేరు చెప్పింది. అన్నయ్య సరేనన్నాడు. రెండు నెలలు నేను వండినదాన్ని పది నిమిషాల్లో ఆమె వడ్డించేసింది. ఆ సాయంత్రం నేను బట్టలు మడత పెడుతుంటే పక్క గదిలో అన్నయ్య ఆమెకు 'రేవు' సంగతి చెప్పడం వినిపించింది. ఇద్దరూ నవ్వారు.

ఆ రోజు డైరీలో 'అసూయ' అని రాసుకున్నాను. పెద్ద మాట రాస్తే కొంచెం గౌరవంగా ఉంటుందనిపించింది. మర్నాడు చదివి, అది కొట్టేసి 'కుళ్ళు' అని రాశాను. అదే నిజం. ఆమె మా కప్పుల్లో కాఫీ తాగినా కుళ్ళే, అన్నయ్య ఆమె జోకుకు ముందే నవ్వడం మొదలుపెట్టినా కుళ్ళే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, నువ్వు ముప్పాతిక దాటేశావే అని అన్నయ్య ఏడిపిస్తాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. లోపల మాత్రం పొయ్యి మీద మరిచిపోయిన గిన్నెలా ఉంటుంది.

ఇక నీకు చెప్పాల్సింది.

వదిన ఎంచిన కార్డు నా నోట్‌బుక్‌లో ఉంది. ఏడో పేజీ. "రేవులు నాలుగు. కానీ ఒకేసారి మూడు తెరలకే" అని ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. కొనడానికి వెళ్ళేముందు వదిన నా గది గుమ్మంలో నిలబడి, "మరదలా, దీని గురించి నువ్వేమైనా రాసుకున్నావా?" అని అడిగింది. నోట్‌బుక్ నా మోచేతి కిందే ఉంది.

"ఏం రాయలేదు," అన్నాను.

కార్డు వచ్చింది. మూడు తెరలు వెలిగాయి, నాలుగోది వెలగలేదు. వదిన తీగలు మార్చింది, తెరలు మార్చింది, కార్డు ఊడదీసి మళ్ళీ పెట్టింది. తన రెండు సెలవురోజులూ టేబుల్ కిందే గడిచాయి. రోజూ ఊళ్ళోవాళ్ళ మిషన్లు బాగుచేసేదాన్ని, సొంతింట్లో నా పరువు పోయిందని నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. మొదటిరోజు లోలోపల సంతోషంగా కూడా ఉందమ్మా. అది కూడా రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది.

రెండోరోజు ఆమె మంచినీళ్ళకు లేచినప్పుడు నేను టేబుల్ కిందికి దూరాను. ప్రతి తీగకూ ఒక కాగితం చీటీ చుట్టి ఉంది, వదిన రాతతో. ఒకదాని మీద 'కొత్త పటం', ఇంకోదాని మీద 'పాత పటం', మూడోదాని మీద 'కొలతలు'. నాలుగో తీగ మీద 'మరదలి రేవు' అని ఉంది.

నీళ్ళ గ్లాసుతో తిరిగొచ్చిన ఆమెను అడిగాను, ఇదేమిటని. అన్నయ్యకు మూడు తెరలు చాలట. నాలుగోది నీకు, రాసుకోవడానికి, నీ 'రేవు' మాట విన్న రోజే అనుకున్నాం అంది.

వెళ్ళి నోట్‌బుక్ తెచ్చి, ఏడో పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చదివింది. ఎర్రగీతల మీద వేలు పెట్టి రెండోసారి చదివింది. అప్పుడు అంది: "రెండు రోజులు నేను దుమ్ములో పొర్లుతుంటే నాకు టార్చి పట్టావు. భలేదానివే." అరిచినా బాగుండేది, అరవలేదు. ఆ పూట నాతో మళ్ళీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున తనే పిలిచింది. పెట్టె వెనక ఒక మూలనున్న ప్లాస్టిక్ మూత గోటితో పీకింది. లోపల మదర్‌బోర్డు పోర్ట్, మన పాతది. "కొత్త కార్డు పెట్టగానే మిషను దీన్ని తనంతట తనే మూసేస్తుంది. పాడైపోయి కాదు. రెండూ కావాలని మనం సెట్టింగ్‌లో చెప్పాలి, అంతే," అంది. సెట్టింగ్‌లో అలాగే మార్చింది. తీగ నా చేతికిచ్చింది, నేనే గుచ్చాను. తెర వెలిగింది.

అన్నయ్యకు చెప్పనా అని అడిగాను. అది నీ ఇష్టం, నేనైతే చెప్పను, ఆ పదకొండు పేజీలు మాత్రం చదవడానికి ఇవ్వు అంది. ఇచ్చాను. ఇప్పుడు వాటి అంచుల్లో పెన్సిలుతో తప్పులు దిద్దుతోంది. చాలానే ఉన్నాయట. మళ్ళీ కుళ్ళు మొదలైంది నాకు.

వదినతో ఎలా ఉంటున్నావని అడిగావు కదా. ఈ ఉత్తరం నాలుగో తెర మీద రాస్తున్నాను. పక్క మూడింటి ముందు వాళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు, నా చెవులు అటే ఉన్నాయి. అయినా లేచి వెళ్ళలేదు.

అన్నయ్యకు రేపు నేనే చెబుతాను.

ఇట్లు,
నీ కూతురు,
వదినకు మరదలు