స్తోత్రం లేని ప్రార్థన

జనవరి 21, బుధవారం

లంచ్ అవర్. సైకిల్ స్టాండ్ రేకుల షెడ్డు. మా కాలేజీ స్టూడెంట్ ఫెలోషిప్‌కి అంతకంటే మంచి చోటు ఎవరూ ఇవ్వలేదు. వైజాగ్ నుంచి బస్సులో వచ్చి ఫెలోషిప్ నడిపే స్టీవెన్ అన్న గిటారు పక్కన పెట్టి అన్నాడు: "మీ అమ్మగారి దేవుడు, మీ తాతగారి దేవుడు చాలడు. మీ దేవుడు కావాలి. సొంత మాటలతో మాట్లాడండి!"

ఆహా! ఎంత మాట! పోయిన వారం కూడా ఇదే మాట, ఇదే చోట ఆగి, ఇలాగే కళ్ళు మూసుకుని అన్నాడనుకో.

వెంటనే అందరూ సొంత మాటలు మొదలుపెట్టారు. "ప్రేమగల మా పరలోకపు తండ్రీ, గడచిన దినములన్నిటిలో కాచి కాపాడినందుకు స్తోత్రం..." ఇది రాచెల్, నా క్లాస్‌మేట్. తర్వాతివాడు అదే. ఆ తర్వాతివాడూ అదే. స్తోత్రాన్ని కామాలా వాడతారు వీళ్ళు! రాచెల్ ప్రార్థన అచ్చం ఏటికొప్పాక బొమ్మ. పైన నునుపు, మెరుపు. లోపల ఉత్త కర్ర.

నా తీర్మానం: నా ప్రార్థనలో ఇక అరువు మాట ఒక్కటి ఉండదు!

నిషేధం: స్తోత్రం. ప్రేమగల తండ్రీ. కాచి కాపాడి. యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము.

ఒక భయం ఉంది. ఎవరికీ చెప్పను. ఈ మాటలన్నీ తీసేశాక నాకు దేవుడు మిగులుతాడా? తాతల నాటి నుంచి చర్చికి వెళ్ళే ఇంట్లో పుట్టి ఇది రాయడానికే తలుపు గడియ పెట్టుకున్నాను. మిగలకపోతే? తెలియాలి.

జనవరి 22, గురువారం

ఉదయం. అద్భుతం! "మంచు తెరలోంచి చెరకు తోటని తడిమే వెలుగా!" అని మొదలుపెట్టాను. తడిమే! ఎంత బాగుంది! మధ్యలో లేచి డైరీలో రాసుకుని, వచ్చి మళ్ళీ మోకరించాను.

రాత్రి. అన్నం దగ్గర ప్రార్థన నన్ను చేయమంది అమ్మ. "మట్టి గుండెలోంచి గింజగా లేచిన కరుణా..."

అమ్మ ఒక కన్ను తెరిచింది. "నీ పేరు నువ్వే పిలుసుకుంటావేటే? పులుసు సల్లారిపోతంది. ఆమెన్ అను."

జనవరి 28, బుధవారం

షెడ్డులో నా వంతు. "రేకుల మీద వాలిన ఎండలాంటివాడా..." ఒక్క అరువు మాట లేదు!

ఒక్క ఆమెనూ లేదు. అనడానికి చోటే దొరకలేదట. అయిపోయాక ఊరుకున్నాను. ముగింపు మాట నిషేధం కదా! అయిపోయిందని ఎవరికీ తెలియలేదు. అందరూ కళ్ళు మూసుకుని అలాగే. నేనూ అలాగే. బెల్లు కొట్టేదాకా.

"చాలా లోతైన మౌనం, సిస్టర్" అన్నాడు స్టీవెన్ అన్న.

నా బెంచీలో కూర్చునే అప్పలలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. గొలుగొండ అవతల చెరకు రైతుల పిల్ల. ఇంట్లో అమ్మవారిని కొలుస్తారు. షెడ్డుకి పాటల కోసం వస్తుంది. "ఏటే, దేవుడితో మాటాడేవా, రేకుల్తోనా?"

కవిత్వం తెలియని జనం.

జనవరి 30, శుక్రవారం

జలుబు. చిన్న సడలింపు. రాత్రి ప్రార్థనలో ఒక్క స్తోత్రం. మందు లాంటిది, లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

చర్చిలో చాలా స్తోత్రాలు. అందరితో కలిసి అన్నవి, నావి కావు.

ఉదయం ప్రార్థన లేదు. ఉపమానం దొరకలేదు. ఉత్త చేతులతో దేవుడి ముందుకి ఎలా వెళ్తాం?

ఫిబ్రవరి 3, మంగళవారం

అప్పలలక్ష్మి ఫోన్. చెరకు ట్రాక్టరు బోల్తా పడింది. కింద వాళ్ళ నాన్న సోములు గారు. నేనూ రాచెలూ ఆసుపత్రికి పరుగు.

అప్పలలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "నీకు మాటలు బాగా వస్తాయి కదే. మీ దేవుడికి సెప్పవే. బేగి సెప్పు, ఆపరేషన్‌కి తీసుకెళ్ళిపోతన్నారు."

కళ్ళు మూసుకున్నాను. వెలుగా. గింజా. ఎండలాంటివాడా. స్ట్రెచర్ చక్రం కిర్రుమంటోంది. ఆయన కాళ్ళకి ఒక్క చెప్పే ఉంది. నా నోట్లో ఏమీ లేదు. నిజంగా ఏమీ.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ" అంది రాచెల్. అవే మాటలు. ఈసారి స్ట్రెచర్ వెంట నడుస్తూ. "సోములు గారిని కాచి కాపాడు తండ్రీ, స్తోత్రం..."

"ఆమెన్" అంది అప్పలలక్ష్మి.

ఎక్కడ అనాలో దానికి తెలుసు. షెడ్డులో విని విని నేర్చుకుంది. రాచెల్ ఆగిన ప్రతిచోటా ఆమెన్. స్ట్రెచర్ అంచు పట్టుకున్నట్టు ఆ మాటని పట్టుకుంది.

నేనూ అన్నాను. నిషేధించినవన్నీ. వరసగా, ఏడుస్తూ.

బొమ్మలో కర్ర ఉందని వెక్కిరించాను. కర్ర లేకపోతే చేత్తో పట్టుకోవడానికి ఏముంటుంది?

ఫిబ్రవరి 4, బుధవారం

సోములు గారికి ప్రాణగండం తప్పింది. కాల్లో రాడ్డు వేశారు.

స్టీవెన్ అన్న పొంగిపోయాడు. "గొప్ప సాక్ష్యం, సిస్టర్! మంచం దగ్గర ప్రార్థన చేస్తున్నట్టు ఒక ఫోటో కావాలి. మా ఆఫీసుకి పంపే రిపోర్టులో పెడతాను. ఆయన కూడా కళ్ళు మూసుకుని ఉంటే బాగుంటుంది."

"మత్తులో ఉన్నారన్నా, మూసుకునే ఉన్నారు" అంది రాచెల్. "ఫోటో లేదు, ఏమీ లేదు."

రాచెల్! సొంత మాటలు!

నేనేమన్నా తక్కువ తిన్నానా? అన్న రిపోర్టు కోసం ప్రార్థన చేయిస్తాడు. నేను డైరీ కోసం చేస్తాను.

ఫిబ్రవరి 5, గురువారం

ఉదయం. తీర్మానం మళ్ళీ మొదలు!

కొత్త నిషేధం: వెలుగా. గింజా. ఎండలాంటివాడా. తడిమే (ఇది కష్టం). మధ్యలో లేచి రాసుకోవడం.

ప్రార్థన: "తండ్రీ, సోములు గారి కాలు. అప్పలలక్ష్మి నిద్రపోలేదు. నువ్వు నాకు మిగిలావా?"

జవాబు రాలేదు. కానీ అడిగానంటే, ఎవరినో అడిగినట్టే కదా!

ఈ వాక్యం బాగుంది. మధ్యలో లేచి రాసుకున్నాను.

రేపటి నుంచి.